హెడ్ గ్యాస్కెట్ దగ్గర ఆయిల్ చెమ్మ: చూస్తూ నడపాలా, హెడ్ దింపించాలా?

సర్వీసుకిచ్చిన కారు కిందకి తొంగి చూసిన మెకానిక్ "హెడ్ గ్యాస్కెట్ దగ్గర ఆయిల్ కారుతోంది సార్, హెడ్ దింపాలి" అన్నాడంటే చాలామందికి గుండె జారుతుంది. ఇంజిన్ అడుగు భాగమైన బ్లాకుకీ, దాని మీద మూతలా కూర్చునే హెడ్‌కీ మధ్య ఉండే పలచటి ప్యాకింగే హెడ్ గ్యాస్కెట్. అది పోయిందంటే మనకి గుర్తొచ్చేవి అలాంటివి మరి: రోడ్డు పక్కన ఆవిరి కక్కుతూ ఆగిపోయిన బండి, తాడేసి లాక్కెళ్లడం, లేత్ షాపు చుట్టూ తిరగడం. కానీ ఇంజిన్ బయటివైపు, హెడ్డూ బ్లాకూ కలిసే గీత వెంబడి కాస్త ఆయిల్ చెమర్చడం వేరే జబ్బు. లోపల ఆయిలూ నీళ్లూ కలిసిపోవడం వేరే జబ్బు. రెండింటికీ పేరొకటే కావడం వల్ల మొదటిదానికి రెండోదాని వైద్యం చేయించుకునేవాళ్లు ఉన్నారు, రెండోదాన్ని మొదటిదే అనుకుని ఇంజిన్ పోగొట్టుకున్నవాళ్లూ ఉన్నారు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. చిన్న బయటి లీకుకి గట్టి దారులు రెండే. కొలుచుకుంటూ దానితో నడపడం ఒకటి, హెడ్ దింపించి పని పూర్తిగా చేయించడం రెండోది. మధ్యలో చవగ్గా కనిపించే దారుల్లో ఒకటి రెండు మాత్రమే పనికొస్తాయి. మిగతావి డబ్బు తిని, చివరికి మళ్లీ హెడ్ దగ్గరికే తీసుకొస్తాయి.

## ముందు అది హెడ్ గ్యాస్కెట్టేనా?

ఈ ప్రశ్న తేలకుండా మిగతాది చదివినా లాభం లేదు. హెడ్ గ్యాస్కెట్ గీతకి పైన ట్యాపెట్ కవర్ ఉంటుంది. దాని రబ్బరు ప్యాకింగు ఏళ్లు గడిచేకొద్దీ గట్టిపడి, పెళుసుబారి, ఆయిల్ వదులుతుంది. ఆ ఆయిల్ హెడ్ పక్కగా జారి, సరిగ్గా గ్యాస్కెట్ అంచు దగ్గర ఆగి, అక్కడ దుమ్ము పట్టి నల్లగా పేరుకుంటుంది. కింద నుంచి చూసేవాడికి హెడ్ గ్యాస్కెట్టే కారుతున్నట్టు కనిపిస్తుంది. క్యామ్ షాఫ్ట్ సీలు, ఆయిల్ ప్రెషర్ స్విచ్చు, ఆయిల్ ఫిల్టర్ కూర్చునే చోట ఉండే ఓ-రింగు కూడా ఇలాగే మోసం చేస్తాయి. వీటిలో ఏదైనా హెడ్ పనికన్నా చాలా తక్కువ ఖర్చుతో పోయేదే.

అందుకే ఇంజిన్ బాగా చల్లారాక డిగ్రీజర్ స్ప్రేతోనో, డీజిల్లో ముంచిన బ్రష్షుతోనో ఆ వైపంతా శుభ్రంగా తుడిపించండి. వాటర్ సర్వీస్ గన్నుతో కొట్టించకండి, ఆల్టర్నేటర్లోకీ వైర్ల కనెక్టర్లలోకీ నీళ్లు పోతే కొత్త తలనొప్పి. తుడిచింది పూర్తిగా ఆరాక, అనుమానం ఉన్న గీత మీద మామూలు టాల్కం పౌడరు పలచగా చల్లండి. బెల్టుల మీద పడనివ్వకండి. తర్వాత, విశాఖలో అయితే, ఎంవీపీ కాలనీ నుంచి బీచ్ రోడ్డు మీదుగా భీమిలి దాకా వెళ్లి రండి. ఇంజిన్ పూర్తిగా వేడెక్కడానికి ఆ దూరం సరిపోతుంది. తిరిగొచ్చాక టార్చి వేసి చూస్తే తెల్లటి పౌడరు మీద ఆయిల్ తగిలిన చోట బూడిద రంగు చార కనిపిస్తుంది. ఆ చార ఎక్కడ మొదలైందో చూడాలి, అంటే దాని పైకొస. ఆయిల్ కిందకి జారుతుంది, గాలికి వెనక్కి కొట్టుకుపోతుంది. పైకి మాత్రం ఎక్కదు. చార ట్యాపెట్ కవర్ అంచు నుంచే దిగుతుంటే హెడ్ జోలికి పోనక్కర్లేదు. ఇంజిన్ వెనకవైపు కన్ను ఆనని చోటికి ఫోన్ కెమెరా దూర్చి వీడియో తీసుకోవచ్చు.

చార నిజంగా హెడ్డూ బ్లాకూ కలిసే సన్న గీత దగ్గరే మొదలైందా? అప్పుడు లోపల ఏమైనా కలుస్తోందేమో చూడాలి. చల్లటి ఇంజిన్ మీద రేడియేటర్ మూత, లేదా కూలెంట్ డబ్బా మూత, తీసి చూడండి. నూనె తెట్టు తేలుతోందా, కూలెంట్ మట్టం వారం వారం తగ్గుతోందా, పొద్దున్న స్టార్ట్ చేసిన చాలాసేపటి దాకా తెల్లపొగ వస్తోందా, పై హోసు ఇంజిన్ స్టార్ట్ చేసిన కాసేపటికే రాయిలా బిగుస్తోందా? వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఇది చిన్న లీకు కాదు. ఇక్కడితో చదవడం ఆపి బండి పక్కన పెట్టండి.

విశాఖ వాళ్లకి ఇక్కడ ఒక చిన్న మినహాయింపు. ఆయిల్ పోసే మూత కింద మజ్జిగ లాంటి తెల్లటి పూత కనిపించినంత మాత్రాన కంగారు పడకండి. మన సముద్రపు గాలిలో తేమ ఎక్కువ. రోజూ రెండు మూడు కిలోమీటర్లే తిరిగే బండిలో ఇంజిన్ సరిగ్గా వేడెక్కక ఆ తేమ ఆవిరైపోదు, మూత దగ్గర చేరి ఆయిల్‌తో కలిసి పూతవుతుంది. అనకాపల్లి దాకా హైవే మీద వెళ్లొచ్చాక మూత తుడిచి, మళ్లీ వారం తర్వాత చూడండి. ఆయిల్ మట్టం చూసే పుల్ల, అంటే డిప్‌స్టిక్ మీద కూడా అదే తెల్లదనం ఉంటే మాత్రం అది గ్యాస్కెట్ మాటే.

## ఏం చూసి నిర్ణయించాలి

లీకు ఎంత పెద్దదన్నదానికన్నా అది ఎక్కడ పడుతోందన్నది ముఖ్యం. కొన్ని కార్లలో ఇంజిన్ పొగ బయటికి పోయే ఎగ్జాస్ట్ మానిఫోల్డు రేడియేటర్ వైపు ఉంటుంది, కొన్నింటిలో వెనక గోడవైపు ఉంటుంది. ఇంజిన్ ఆయిల్‌కి అంటుకునే వేడి 200 డిగ్రీల పైమాట. ఘాట్ ఎక్కేటప్పుడు మానిఫోల్డు అంతకన్నా చాలా ఎక్కువ కాగుతుంది. చుక్క అక్కడ పడితే మొదట మాడు వాసన, తర్వాత పొగ, మన దురదృష్టాన్ని బట్టి నిప్పు. వాల్వులు సమయానికి తెరుచుకుని మూసుకునేలా చూసే టైమింగ్ బెల్టు మీద పడితే రబ్బరు ఉబ్బి, పళ్లు ఊడి, బెల్టు తెగుతుంది. చాలా ఇంజిన్లలో బెల్టు తెగితే వాల్వులు పిస్టన్లకి కొట్టుకుంటాయి. 796 సీసీ ఆల్టో, పాత సాంత్రో లాంటివి బెల్టు బళ్లు. కె-సిరీస్ మారుతీలూ, 1.3 మల్టీజెట్ డీజిల్ స్విఫ్టులూ చైన్ బళ్లు. మీది ఏదో కనుక్కోండి. బ్లాకు పక్కన ఖాళీ చోట పడి ఊరికే కిందకి కారిపోయే ఆయిల్‌తో ఇంజిన్‌కి పెద్ద ముప్పు లేదు. అపార్ట్‌మెంట్ పార్కింగ్ టైల్స్ మీద మరకలు పడి అసోసియేషన్ వాళ్లు వాట్సాప్ గ్రూపులో ఫొటోలు పెట్టడం వేరే సంగతి.

తర్వాతిది వేగం. హెడ్ గ్యాస్కెట్ గుండా ఆయిల్ రెండు రకాలుగా వెళ్తుంది. పంపు ఒత్తిడితో పైకి ఎక్కే సన్న దారి ఒకటి, పైన పని చేసి ఊరికే కిందకి దిగివచ్చే వెడల్పాటి దారులు కొన్ని. కిందకి దిగే దారి దగ్గర చెమరిస్తే అది ఏళ్ల తరబడి అలాగే ఉండొచ్చు, అక్కడ ఒత్తిడే లేదు. పైకి ఎక్కే దారి దగ్గరైతే ఐడిల్‌లో ఒక బార్ ఉండే ఒత్తిడి హైవే మీద మూడు నాలుగు బార్‌లకి పోతుంది. సిటీలో తడిగా మాత్రమే కనిపించిన చోటు శ్రీకాకుళం వెళ్లొచ్చేసరికి చుక్కలు కారుతుంటే ఇదే కారణం. ఇది పెరిగే లీకు.

ఇక డిప్‌స్టిక్ లెక్క. చాలా చిన్న కార్లలో కింది గుర్తుకీ పై గుర్తుకీ మధ్య సుమారు లీటరు తేడా. వెయ్యి కిలోమీటర్లకి 100–200 మి.లీ. లోపు తగ్గితే నేను దాన్ని చిన్న లీకనే అంటాను. అర లీటరు దాటితే చిన్నది కాదు. ఆ ఆయిల్ అంతా బయటికే పోతోందా, లోపల మండిపోయి నీలిపొగగా పోతోందా అని కూడా చూడాలి.

చివరిది మీ అలవాటు. వారానికోసారి బానెట్ ఎత్తి డిప్‌స్టిక్ లాగే మనిషికి ఒక సలహా, సర్వీసు తేదీ వస్తే తప్ప బానెట్ ఎలా తెరుచుకుంటుందో గుర్తులేని మనిషికి ఇంకో సలహా. రెండో రకం మనుషులే ఎక్కువ, అందులో తప్పేం లేదు. కానీ కింద చెప్పే మొదటి దారి వాళ్లది కాదు.

## మొదటి దారి: కొలుచుకుంటూ నడపడం

దీన్ని నిర్లక్ష్యం అనుకోకండి, సరిగ్గా చేస్తే ఇదే చాలామందికి తగిన దారి. లెక్క చూడండి. వెయ్యి కిలోమీటర్లకి 200 మి.లీ. చొప్పున నెలకి వెయ్యి కిలోమీటర్లు తిరిగినా ఏడాదికి రెండున్నర లీటర్ల లోపే. ఆయిల్ ధర లీటరు ఐదారు వందలనుకున్నా పదిహేను వందల దగ్గర తేలుతుంది. హెడ్ పనికి అయ్యే డబ్బుతో ఎన్నేళ్ల ఆయిల్ వస్తుందో మీరే చూసుకోండి. పైగా హెడ్ దింపడం ఇంజిన్‌కి పెద్ద ఆపరేషన్. బాగున్న ఇంజిన్‌ని అవసరం లేకుండా విప్పడంలో దాని ప్రమాదం దానికుంది.

పద్ధతి ఇది. వారంలో ఒక రోజు పెట్టుకోండి, ఆదివారం పొద్దున్న బండి తీయకముందు అయితే మంచిది. సమతలంగా ఉన్న చోటే చూడాలి, విశాఖలో సగం వీధులు వాలుగానే ఉంటాయి కాబట్టి ఎప్పుడూ ఒకే చోట చూడండి. డిప్‌స్టిక్ తుడిచి, మళ్లీ దించి, మట్టం ఫొటో తీసి, ఓడోమీటర్ ఫొటో కూడా తీసి ఉంచండి. రెండు మూడు నెలల ఫొటోలు పక్కపక్కన పెడితే లీకు పెరుగుతోందో లేదో ఏ మెకానిక్‌నీ అడగక్కర్లేదు. కూలెంట్ మట్టం కూడా అప్పుడే చూడండి. డిక్కీలో అదే గ్రేడు ఆయిల్ ఒక లీటరు డబ్బా పెట్టుకోండి.

ఈ దారి పనికిరాని సందర్భాలు: ఆయిల్ మానిఫోల్డు మీదో టైమింగ్ బెల్టు మీదో పడుతుంటే, నెల నెలా వేగం పెరుగుతుంటే, బండి వారంటీలో ఉంటే. వారంటీలో ఉన్న బండిని లీకుతో తిప్పుతూ కూర్చోకండి. చిన్నదైనా సరే సర్వీస్ సెంటర్లో జాబ్ కార్డు మీద రాయించండి. ఎక్స్‌టెండెడ్ వారంటీ కట్టినవాళ్లు కాగితాలు తీసి గ్యాస్కెట్ల గురించి ఏం రాశారో చదవండి.

## రెండో దారి: పీసీవీ వాల్వు, ఆయిల్ గ్రేడు, సీసా మందులు

ఈ మూడింటినీ కలిపి చెప్పడానికి కారణం, మూడూ హెడ్ విప్పకుండా చేసేవే. విలువలో మాత్రం ఒకదానికీ ఒకదానికీ పొంతన లేదు.

పీసీవీ వాల్వు గురించి ఎవరూ మాట్లాడరు, నా దృష్టిలో మొదట చూడాల్సింది అదే. పిస్టన్ల పక్క నుంచి కాస్త వాయువు ఎప్పుడూ కింద ఆయిల్ ఉండే గదిలోకి జారుతుంది. దాన్ని మళ్లీ ఇంటేక్‌లోకి పంపే చిన్న వాల్వు ఇది. మడ్డి పట్టి మూసుకుపోతే లోపల ఒత్తిడి పెరిగి, ఎక్కడ బలహీనంగా ఉంటే అక్కడి నుంచి ఆయిల్‌ని బయటికి తోస్తుంది. ఆ దెబ్బకి గ్యాస్కెట్లూ సీళ్లూ అన్నీ ఒకేసారి చెమరుస్తాయి. బండిలో రెండు మూడు చోట్ల తడి కనిపిస్తుంటే ముందు దీన్నే అనుమానించండి. చాలా పెట్రోలు కార్లలో విప్పి ఊపితే లోపల టకటకలాడాలి. శబ్దం రాకపోతే మార్చేయండి, ధర తక్కువ. వాల్వు బాగుండి కూడా బ్రీదర్ గొట్టంలోంచి పొగ గుప్పుగుప్పున వస్తుంటే ఇంజిన్ బోరుకొచ్చిందని, అంటే లోపల సిలిండర్లు అరిగిపోయాయని అర్థం, అప్పుడు గ్యాస్కెట్ ఒక్కటే మార్చి లాభం లేదు.

ఆయిల్ గ్రేడు మార్చడం తాత్కాలికంగా ఉపయోగపడొచ్చు. వేడి మీద చిక్కగా ఉండే ఆయిల్ నెమ్మదిగా కారుతుంది. మాన్యువల్లో 5డబ్ల్యూ-30తో పాటు 10డబ్ల్యూ-40 కూడా పనికొస్తుందని రాసి ఉంటే, మన వాతావరణంలో రెండోది పోసుకోవడానికి అభ్యంతరం లేదు, విశాఖలో ఇంజిన్ గడ్డకట్టే చలి ఎప్పుడూ లేదు. మాన్యువల్లో లేని గ్రేడు మాత్రం వద్దు. వాల్వ్ టైమింగ్‌ని ఆయిల్ ఒత్తిడితోనే మార్చే కొత్త ఇంజిన్లు చిక్కటి ఆయిల్‌తో మొరాయిస్తాయి. పొగలోని మసిని పట్టే ఫిల్టర్ (డీపీఎఫ్) ఉన్న బీఎస్-6 డీజిళ్లకి ప్రత్యేకమైన తక్కువ బూడిద ఆయిలే పోయాలి.

ఇక "లీకు ఆపే మందు" సీసాలు. ఆయిల్లో పోసేవి రబ్బరు సీళ్లని కాస్త మెత్తబరిచి ఉబ్బిస్తాయి. క్రాంక్ సీలు దగ్గర వాటి వల్ల ఏదో కొంత ఫలితం ఉండొచ్చు. ఇప్పటి హెడ్ గ్యాస్కెట్లు చాలావరకు స్టీలు పొరలు, వాటిని ఉబ్బించే మందు లేదు. రేడియేటర్లో పోసే సీలెంట్లు ఇంకా పనికిమాలినవి: కారుతున్నది ఆయిల్ దారి, మందు పోసేది నీళ్ల దారిలో. అది వెళ్లి రేడియేటర్ సన్న గొట్టాల్లోనూ హీటర్లోనూ గడ్డకట్టి, లేని ఓవర్‌హీట్‌ని తెచ్చిపెడుతుంది.

## మూడో దారి: బోల్టులు మళ్లీ బిగించడం, పైన పూత పూయడం

పాత ఇంజిన్లకి, మిశ్రమ పదార్థంతో చేసిన మెత్తటి గ్యాస్కెట్లు ఉన్న కాలం బళ్లకి, హెడ్ బోల్టులు మళ్లీ బిగించడం మామూలు సర్వీసులో భాగం. ఇంజిన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు, మాన్యువల్ చెప్పిన వరసలో, మామూలుగా మధ్య నుంచి చివరలకి, ఎంత బిగువో కొలిచే టార్క్ రెంచితో చేస్తారు. మాన్యువల్ ఒప్పుకుంటే చేయించి చూడండి, గంట పని. ఒక్కోసారి చెమ్మ అక్కడితో ఆగుతుంది.

కొత్త ఇంజిన్లలో చాలావాటి బోల్టులు ఇంత టార్కుకి బిగించి, ఆ తర్వాత ఇన్ని డిగ్రీలు తిప్పేవి. బిగించినప్పుడే అవి సాగుతాయి. వాటిని మళ్లీ బిగిస్తే ఇంకా సాగి తెగొచ్చు, లేదా అల్యూమినియం బ్లాకులో మరలు ఊడిరావచ్చు. అప్పుడు చెమ్మతో మొదలైన కథ బ్లాకు దాకా పోతుంది. "ఒకసారి టైట్ చేసి చూద్దాం సార్" అని ఎవరైనా రెంచి తీసుకుంటే, ఈ బండికి రీ-టార్క్ ఉందా అని అడగండి. తెలియదంటే చెయ్యి వేయనివ్వకండి.

పైన ఎం-సీల్ పెట్టడం, సిలికాన్ పూయడం గురించి ఒక్క మాట చాలు. వేడికి పెరిగి తగ్గే లోహం మీద, లోపలి నుంచి ఒత్తిడితో వచ్చే ఆయిల్ ముందు, అది నిలవదు. అమ్మే ముందు లీకు దాచడానికి పనికొస్తుంది, దాన్ని టార్చి వేసి చూసిన ఏ డీలరైనా పట్టేస్తాడు.

## నాలుగో దారి: హెడ్ దింపించడం

గ్యాస్కెట్ ఎందుకు అలిసిపోతుందో తెలిస్తే ఈ పనిలో దేనికి డబ్బు పెట్టాలో తెలుస్తుంది. చాలా కార్లలో హెడ్ అల్యూమినియం. బ్లాకు ఇనుముదైతే రెండూ వేడికి ఒకేలా పెరగవు. 400 మి.మీ. పొడవున్న హెడ్ 70 డిగ్రీలు వేడెక్కితే సుమారు 0.6 మి.మీ. పెరుగుతుంది, అదే పొడవు ఇనుము 0.3 మి.మీ. దగ్గర ఆగుతుంది. బండి స్టార్ట్ చేసి ఆపిన ప్రతిసారీ ఆ తేడా మేర గ్యాస్కెట్ రెండు లోహాల మధ్య రాపిడికి గురవుతుంది. ఒక్కసారి ఓవర్‌హీట్ అయితే హెడ్ కాస్త వంగుతుంది కూడా. అలా వంగిన హెడ్ కింద కొత్త గ్యాస్కెట్ వేసినా కొన్నాళ్లకే మళ్లీ చెమ్మ.

కాబట్టి పని నాణ్యత గ్యాస్కెట్ ధరలో ఉండదు, ఆ రెండు ముఖాల తయారీలో ఉంటుంది. హెడ్ మీద స్టీలు స్కేలు నిలబెట్టి, కింద సందు కొలిచే సన్నటి రేకు, ఫీలర్ గేజ్, దూర్చి చూస్తారు. చాలా చిన్న ఇంజిన్లకి ఒప్పుకునే వంపు 0.05 మి.మీ. దగ్గర ఉంటుంది, మీ ఇంజిన్ లెక్క మాన్యువల్లో ఉంటుంది. అంతకన్నా వంగితే లేత్‌కి పంపి ఫేసింగ్ కొట్టించాలి, అంటే ఆ ముఖం చదును చేయించాలి. గాజువాక ఆటోనగర్ వైపు ఈ పని చేసే వర్క్‌షాపులు దొరుకుతాయి. ఫేసింగ్ అవసరమైనంతే కొట్టాలి, ఎక్కువ గీకితే హెడ్ పలచబడి కంప్రెషన్ పెరుగుతుంది. చాలా డీజిల్ ఇంజిన్లకి గ్యాస్కెట్ రకరకాల మందాల్లో వస్తుంది, అంచున ఉండే గాట్లో రంధ్రాలో చూసి పాతదాని మందమే ఎంచుకోవాలి.

షెడ్డులో ఇచ్చినా, కంపెనీ సర్వీస్ సెంటర్లో ఇచ్చినా పని మొదలు కాకముందు అడగాల్సినవి ఇవి:

- బోల్టులు కొత్తవి వేస్తారా? సాగే రకమైతే ఇందులో బేరం లేదు.
- బ్లాకు ముఖాన్ని దేంతో గీకుతారు? గ్రైండరుకి పెట్టే గరుకు డిస్కు వాడితే ఆ పొడి ఆయిల్లో కలిసి బేరింగుల్ని తింటుంది. చేత్తో, ప్లాస్టిక్ గీకుడు పట్టీతో చేయాలి.
- బోల్టు రంధ్రాల్లో ఆయిల్, కూలెంట్ గాలితో ఊదేస్తారా? రంధ్రం అడుగున ద్రవం మిగిలితే బోల్టు బిగిసినట్టు అనిపిస్తుందే తప్ప బిగవదు, బ్లాకు పగిలే ప్రమాదం కూడా ఉంది.
- టార్క్ రెంచి ఉందా? "చేతి లెక్క" అని నవ్వితే ఇంకో షెడ్డు చూసుకోండి.
- ఆయిల్, ఫిల్టర్, కూలెంట్ కొత్తవి బిల్లులో ఉన్నాయా? హెడ్ ఎత్తేటప్పుడు ఎంతో కొంత కూలెంట్ కింద ఆయిల్లోకి పోతుంది, పాత ఆయిల్‌తో వెళ్లనివ్వకూడదు.

హెడ్ దిగినప్పుడు ఎలాగూ విప్పేవి కొన్ని ఉంటాయి: టైమింగ్ బెల్టు, వాటర్ పంపు, థర్మోస్టాట్, వాల్వ్ సీళ్లు, ట్యాపెట్ కవర్ ప్యాకింగు. వీటి కాలం సగం దాటి ఉంటే ఇప్పుడే మార్చడం తెలివి, కూలీ మళ్లీ ఇవ్వక్కర్లేదు. మామూలు సామాన్లకి కంపెనీ పార్టు కావాలనే పట్టింపు నాకు లేదు. హెడ్ గ్యాస్కెట్ దగ్గర మాత్రం కంపెనీదో, టాల్‌బ్రోస్, ఎల్రింగ్ లాంటి పేరున్న తయారీదో తీసుకోండి.

షెడ్డా, సర్వీస్ సెంటరా? చిన్న పెట్రోలు కారుకి షెడ్డులో పది వేల చుట్టుపక్కల, సర్వీస్ సెంటర్లో దానికి రెండింతల దాకా అనుకోండి. డీజిల్‌కి ఇంకా ఎక్కువ. మోడల్ని బట్టి మారుతుంది కాబట్టి రెండు చోట్లా కాగితం మీద కొటేషన్ తీసుకోండి, అందులో లేత్ పని కలిసిందో లేదో చూడండి. పాత మారుతీ, హ్యుందాయ్ ఇంజిన్లు విప్పి విప్పి చేయి తిరిగిన షెడ్డు మెకానిక్ ఈ పని సర్వీస్ సెంటర్‌కి తీసిపోకుండా చేస్తాడు, పైగా విప్పిన హెడ్ మీ కళ్లెదుట చూపిస్తాడు. అది సర్వీస్ సెంటర్ అద్దాల వెనక దొరకదు. కొత్త తరం టర్బో, డైరెక్ట్ ఇంజెక్షన్, బీఎస్-6 డీజిల్ అయితే మాత్రం స్కానరూ, మాన్యువలూ ఉన్న చోటికే వెళ్లండి.

## ఐదో దారి: అమ్మేయడం

చిన్న చెమ్మ ఒక్కదాని కోసం కారు అమ్మక్కర్లేదు. పదిహేనేళ్ల రిజిస్ట్రేషన్ దగ్గరపడి, సస్పెన్షనూ క్లచ్చూ కూడా పని అడుగుతుంటే మాత్రం ఇది ఆలోచించాల్సిందే. రిజిస్ట్రేషన్ ఐదేళ్లకి పొడిగించాలంటే బండిని తనిఖీకి చూపించాలి, కారుతున్న ఇంజిన్‌తో వెళ్లడం ఇబ్బంది. అమ్మేటప్పుడు లీకు సంగతి చెప్పి, కొటేషన్ కాగితం చూపించి ఆ మేరకి ధర తగ్గించడమే మేలు. హెడ్ పని చేయించి అమ్మితే పెట్టిన డబ్బు తిరిగి రాదు, కొనేవాడు "ఇంజిన్ విప్పిన బండి" అని ఇంకా తగ్గించమంటాడు.

## ఒక్కచోట

| దారి | ఖర్చు | ఎన్నాళ్లు నిలుస్తుంది | ఎవరికి | ఎవరికి వద్దు |
|---|---|---|---|---|
| కొలుస్తూ నడపడం | ఏడాదికి రెండు మూడు లీటర్ల ఆయిల్ | లీకు పెరగనంత కాలం | వారం వారం డిప్‌స్టిక్ చూసేవాళ్లకి | ఆయిల్ మానిఫోల్డు, బెల్టు మీద పడేవాళ్లకి |
| పీసీవీ వాల్వు | చాలా తక్కువ | కారణం అదే అయితే శాశ్వతం | అందరూ ముందు చూడాలి | ఎవరికీ కాదనక్కర్లేదు |
| చిక్కటి ఆయిల్ | మామూలు ఆయిల్ మార్పు | తాత్కాలికం | మాన్యువల్ ఒప్పుకుంటే | కొత్త ఇంజిన్లు, డీపీఎఫ్ డీజిళ్లు |
| సీసా మందు, పై పూత | తక్కువ | నిలవదు | ఎవరికీ కాదు | అందరికీ |
| రీ-టార్క్ | గంట కూలీ | చెప్పలేం | పాత ఇంజిన్లకి | సాగే బోల్టులున్న ఇంజిన్లకి |
| హెడ్ దింపడం | ఎక్కువ | సరిగ్గా చేస్తే ఏళ్ల తరబడి | లీకు పెరిగేవాళ్లకి, దూరాలు తిరిగేవాళ్లకి | త్వరలో అమ్మేవాళ్లకి |

## మీ తిరుగుడుని బట్టి

సిటీలోనే తిరుగుతూ, మద్దిలపాలెం నుంచి సిరిపురం, పిల్లల స్కూలు, కూరగాయల మార్కెట్ అంటూ రోజుకి పదీ పన్నెండు కిలోమీటర్లు దాటనివాళ్లు మొదటి దారిలోనే ఉండండి. తొందరేం లేదు. పీసీవీ మాత్రం చూపించుకోండి.

అచ్యుతాపురం, పరవాడ వైపు కంపెనీలకి రోజూ వెళ్లొచ్చేవాళ్ల లెక్క వేరు. గాజువాక ట్రాఫిక్‌లో ఐడిల్ మీద కాగడం, ఆ వెంటనే హైవే మీద వేగం, రోజుకి రెండు సార్లు. లీకు ఒత్తిడి దారి దగ్గరుంటే అది ఇక్కడే పెరుగుతుంది. మూడు నెలల ఫొటోల్లో మట్టం తగ్గే వేగం పెరిగినట్టు కనిపిస్తే, వేసవి ముదరకముందే హెడ్ పని పెట్టుకోండి.

అరకు, లంబసింగి తరచుగా వెళ్లేవాళ్లకి నేను మొదటి దారి సిఫారసు చేయను. అరకు లోయ సముద్రమట్టానికి 900 మీటర్ల పైన ఉంది. అనంతగిరి ఘాట్ అంతా చిన్న గేర్లలో, నిండు బండితో, ఏసీ వేసుకుని ఎక్కుతాం. మానిఫోల్డు బాగా కాగేదీ, సిగ్నల్ దొరకక సాయం అందనిదీ అక్కడే. ఒకటి రెండు చుక్కలు మానిఫోల్డు మీద పడుతున్నాయని తెలిసి కూడా ఘాట్ ఎక్కకండి. ఘాట్‌కి ముందు శృంగవరపుకోటలో ఆగి టార్చి వేసి చూసుకున్నా అప్పుడు అది చాలదు.

క్యాబ్ నడిపేవాళ్లకి ఆయిల్ ఖర్చుకన్నా బండి షెడ్డులో ఉండే రోజులే ఖరీదు. లేత్ పనితో కలిపి నాలుగైదు రోజులు పోతాయనుకుని, టైమింగ్ బెల్టో క్లచ్చో ఎలాగూ మార్చాల్సిన నెలలోనే హెడ్ పని కలిపి పెట్టుకుంటే బండి ఒక్కసారే ఆగుతుంది.

బండి ఇంట్లో నాన్నగారో, అమ్మాయో నడుపుతూ, బానెట్ ఎత్తే బాధ్యత ఎవరిదో తేలని ఇళ్లు కొన్ని ఉంటాయి. అక్కడ చెమ్మ చిన్నదైనా చేయించేయండి. ఆయిల్ లైటు వెలిగాక కూడా "ఇంటికెళ్లి చూద్దాం" అని ఎన్ఏడీ ఫ్లైఓవర్ ఎక్కేస్తే ఆ కాస్త దూరంలోనే బేరింగులు పోతాయి, అప్పుడు బిల్లు హెడ్ దగ్గర ఆగదు.

హెడ్ పని చేయించినవాళ్లు బండి చేతికొచ్చాక మొదటి వారం రోజూ పొద్దున్న కూలెంట్, ఆయిల్ మట్టాలు చూడండి. హెడ్ పని తర్వాత కూలెంట్ దారిలో చిక్కుకున్న గాలి బయటికి వచ్చేకొద్దీ మట్టం కాస్త దిగడం మామూలే, రెండు మూడు సార్లు నింపాక నిలవాలి. నిలవకపోతే, లేదా గ్యాస్కెట్ గీత మీద మళ్లీ తడి కనిపిస్తే, బిల్లూ విప్పిన పాత గ్యాస్కెట్టూ తీసుకుని ఆ వారంలోనే వెళ్లండి. పాత గ్యాస్కెట్‌ని అడిగి తెచ్చుకోవడం అందుకే: దాని మీద ఆయిల్ దాటిన చోట నల్లటి చార ఉంటుంది, కొత్త తడి అక్కడే ఉందో, వేరే చోట ఉందో దాన్ని పక్కన పెట్టి చూస్తే తెలిసిపోతుంది.